వేటకుక్కల ఊరు, పులుల కొండ

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉంది రాజపాళయం. విజయనగర వైభవం అంతరించాక దక్షిణానికి తరలివచ్చిన తెలుగు రాజులు ఇక్కడ స్థిరపడ్డారు. బజారులో, బడిలో, మిల్లులో తమిళం, ఇంట్లో తెలుగు. మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని 1949 నుంచి 1952 దాకా నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. 1930లలో పి.ఎ.సి. రామసామి రాజా ఇక్కడ మొదలుపెట్టిన నూలు మిల్లు నుంచే ఇప్పటి రామ్‌కో సంస్థలన్నీ ఎదిగాయి. ఇంత చరిత్ర ఉన్నా దేశంలో చాలామందికి ఈ ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఒక కుక్క.

పాలలాంటి తెలుపు, గులాబి రంగు ముక్కు, తేనెరంగు కళ్లు, లోతైన ఛాతీ, సన్నని నడుము, పొడుగు కాళ్లు. రాజపాళయం కుక్కను ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పోల్చుకోవడానికి తడుముకోరు. పాళెగాళ్ల కాలంలో ఈ కుక్కలు కోటలకూ పొలాలకూ కాపలా ఉండేవని, తెల్లదొరలతో జరిగిన పాళెగాళ్ల యుద్ధాల్లో కూడా పాల్గొన్నాయని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. వాటి అసలు పని మాత్రం అడవిపంది వేట. కొండ దిగి వేరుశనగ చేనులోనో చెరకుతోటలోనో పడిన పందిని కుక్కలు వాసన పట్టి తరిమేవి. పరుగెత్తలేక పంది ఏ పొదకో వీపు ఆనించి ఎదురుతిరిగితే, చుట్టూ మూగి చెవులో తొడో పట్టుకుని కదలకుండా ఆపేవి. వెనక నుంచి మనుషులు ఈటెలతో వచ్చేదాకా పట్టు వదలకూడదు. ఆ కాసేపట్లో పంది కోర తగిలి పొట్ట చీలిన కుక్కలు ఎన్నో ఉంటాయి. అందుకే ధైర్యం, దమ్ము, ఒకే మనిషి మాట వినే గుణం చూసి జతకట్టించేవారు. రాజుల ఇళ్లలో ఏ ఆడకుక్క ఏ మగకుక్క సంతానమో పెద్దవాళ్లకు కంఠతా ఉండేది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరమయింది. తరాలుగా ఒకే పనికి తీర్చిదిద్దిన జంతువుకు ఒక్కసారిగా ఆ పని లేకుండా పోయింది. కాపలాకు విదేశీ జాతుల మోజు పెరిగింది. జర్మన్ షెపర్డ్ ఉన్న ఇంటికి గొప్ప, నాటుకుక్క ఉన్న ఇంటికి చిన్నతనం అనుకునే రోజులు వచ్చాయి. మిగిలిన కొద్దిపాటి రాజపాళయం కుక్కల్లోనూ అచ్చ తెలుపు పిల్లలకే గిరాకీ. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటినే మళ్లీ మళ్లీ జతకట్టించారు. దాని ఫలితం పిల్లల చెవుల్లో కనిపించింది. చర్మానికీ వెంట్రుకకూ రంగునిచ్చే కణాలే లోపలి చెవి పనిచేయడానికీ అవసరం. రంగు పూర్తిగా పోయిన కుక్కల్లో చెవిటివి ఎక్కువగా పుడతాయి. తెలుపు కోసం వెంపర్లాడినకొద్దీ పిలిస్తే పలకని పిల్లలు పెరిగాయి.

తమిళనాడు పశుసంవర్ధక శాఖ 1980ల ఆరంభంలో చెన్నై సైదాపేటలో దేశవాళీ కుక్కల పెంపక కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది. రాజపాళయం, చిప్పిపారై, కోంబై జాతులను అక్కడ పెంచి, పిల్లలను జనానికి అమ్మేవారు. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు భారతీయ కుక్క జాతులతో బిళ్లలు విడుదల చేస్తే అందులో రాజపాళయం ఒకటి. తర్వాత కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ దీన్ని అధికారికంగా దేశీయ జాతుల పట్టికలో చేర్చింది. వేట పోయినా వేటకుక్క మిగిలింది. మరి ఒకప్పుడు ఆ కుక్కలు తిరిగిన కొండ, ఆ కొండ మీది జంతువుల సంగతి? దాన్ని చెప్పాలంటే కాసేపు మద్రాసుకు వెళ్లాలి.

మద్రాసు ఎగ్మోరు మ్యూజియం అధికారిగా ఉన్న ఎడ్వర్డ్ బాల్ఫర్ ఒక విషయం గమనించాడు. చచ్చిన జంతువుల తోళ్లూ ఎముకలూ చూడటానికి వచ్చేవాళ్లకంటే ఆవరణలో కట్టేసిన బతికున్న పులినీ చిరుతనూ చూడటానికి వచ్చేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. కర్ణాటక నవాబును ఒప్పించి ఆయన సొంత జంతువులను తెప్పించాడు. అలా 1855లో మ్యూజియంలోనే జూ మొదలైంది. ఏడాది తిరిగేసరికి అందులో 300 పైచిలుకు జంతువులు చేరాయి. కొన్నేళ్లకు దాన్ని సెంట్రల్ స్టేషన్ పక్కన పీపుల్స్ పార్కుకు మార్చారు. మద్రాసు చూడబోయిన తెలుగు కుటుంబాలెన్నో పిల్లలకు మొదటిసారి సింహాన్ని చూపించింది అక్కడే. అయితే ఆ జూలో జంతువంటే ఒక చూపు వస్తువు. ఒకటి చస్తే అడవి నుంచి ఇంకొకటి పట్టుకొచ్చేవారు. ఇనుప కటకటాలు, సిమెంటు నేల, వంటరితనం. పిల్లలు పుడితే సంబరమే గాని, ఎవరికి పుట్టాయో రాసి ఉంచాలన్న ఆలోచన లేదు. ఆనాటి ప్రపంచంలో దాదాపు ప్రతి జూదీ ఇదే తీరు.

ఆ ఆలోచన పుట్టింది యూరప్‌లో, ఒక పెద్ద నష్టం జరిగాక. యూరప్ అడవిదున్న మొదటి ప్రపంచయుద్ధం నాటి ఆకలికీ తుపాకులకీ బలైంది. పోలండ్‌లోని బియవోవియెజా అడవిలో చివరిది 1919లో చచ్చింది. కాకసస్ కొండల్లో చివరిది 1927లో. అడవిలో ఇక ఒక్కటీ లేదు. జూల్లోనూ జమీందార్ల తోటల్లోనూ మిగిలినవి యాభై చిల్లర. 1923లో వాటిని కాపాడటానికి ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. ఏ దున్న ఎక్కడుంది, దాని తల్లిదండ్రులెవరు, ఎప్పుడు పుట్టింది అన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించారు. అడవి జంతువుకు అచ్చయిన మొట్టమొదటి వంశావళి పుస్తకం అదే. లెక్క తేలాక తెలిసింది, ఇప్పుడున్న జాతి మొత్తానికి మూలం పన్నెండు జంతువులేనని. మన పెద్దవాళ్లు సంబంధం మాట్లాడేముందు గోత్రం అడిగి, ఒకటే అయితే ఆ మాట అక్కడితో ఆపేసినట్టు, ఆ పుస్తకం చూసి ఏ మగదున్నను ఏ ఊరి జూకు పంపాలో నిర్ణయించేవారు. 1952లో దున్నలను బియవోవియెజా అడవిలోకి తిరిగి వదిలారు. ఈనాడు యూరప్ అడవుల్లో అవి వేల సంఖ్యలో తిరుగుతున్నాయి.

వంశావళి తప్పితే ఏమవుతుందో సింహాల కథ చెబుతుంది. అమెరికా జూల్లో ఆసియా సింహాల పేరుతో పెంచిన మందను 1987లో జన్యుపరీక్ష చేస్తే, దానికి మూలమైన అయిదు సింహాల్లో రెండు ఆఫ్రికావని బయటపడింది. మన దేశంలోనూ సర్కస్‌ల నుంచి వచ్చిన ఆఫ్రికా సింహాలు జూల్లోని ఆసియా సింహాలతో కలిసిపోయాయి. ఏది అచ్చమైనదో, ఏది సంకరమో తేల్చే పని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. ప్రయోగశాల చేపట్టింది. సంకర సింహాలకు పిల్లలు పుట్టకుండా ఆపి, అవి చచ్చేదాకా సాకారు. దశాబ్దాల తిండి, చోటు, శ్రమ ఒక చిన్న నమోదు లోపం వల్ల వృథా అయ్యాయి. రాజపాళయంలో కంఠతా ఉంచుకున్న కుక్కల వంశాలు చాలావరకు మరుపుతో చెదిరిపోవడం వెనక ఉన్నదీ ఇదే లోపం.

ఇప్పుడు మళ్లీ కొండెక్కుదాం. రాజపాళయానికి పడమట, శ్రీవిల్లిపుత్తూరు నుంచి మేఘమలై దాకా సాగే కొండల పై అంచుల్లో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అడవి ఉంది. నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ వెండిరంగు జూలు, సింహానికున్నట్టు చివర కుచ్చున్న తోక ఉండే కోతి అక్కడ బతుకుతుంది. ఈ సింహపుతోక కోతి పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టదు. ఆడది దాదాపు మూడేళ్లకోసారి ఒక్క పిల్లను కంటుంది. నేల మీదికి దిగడం దానికి ఇష్టం ఉండదు. చెట్టు నుంచి చెట్టుకే ప్రయాణం. టీ, కాఫీ, ఏలకుల తోటల కోసం అడవిని ముక్కలు చేసినప్పుడు ఆ ముక్కల్లోనే ఇరుక్కుపోయింది. 1970లలో అమెరికా నుంచి వచ్చిన పరిశోధకులు తిరునల్వేలి వైపు కొండల్లో తిరిగి, అన్ని చోట్లా కలిపి ఇవి కొన్ని వందలే మిగిలాయని అంచనా వేశారు. 1976లో కళక్కాడు అభయారణ్యం వచ్చింది ఈ కోతి కోసమే. కేరళలో సైలెంట్ వ్యాలీ డ్యామును ఆపడానికి జరిగిన పోరాటానికి గుర్తుగా నిలిచిందీ ఇదే. తర్వాత మరింత ఓపిగ్గా వెతికితే, సంఖ్య ఆ అంచనా కంటే ఎక్కువే గాని 4 వేలకు లోపేనని తేలింది.

ఈ కోతి కోసం 1982లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జూ అధికారులూ అడవి పరిశోధకులూ ఒకచోట కూర్చున్నారు. అప్పటికే అమెరికా, యూరప్ జూల్లో వందల కోతులున్నాయి. వంశావళి పుస్తకం తయారైంది. జూల మధ్య మగకోతుల మార్పిడి మొదలైంది. అడవిలో ఆడకోతులు పుట్టిన గుంపును వదలవనీ, మగవే గుంపులు మారతాయనీ తెలుసుకున్న యూరప్ జూలు తల్లీకూతుళ్లను విడదీయకుండా ఉంచే పద్ధతి పట్టుకున్నాయి. భారత్‌లో ఈ కోతి బాధ్యతను కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ చెన్నై వండలూరు జూకు అప్పగించింది. బాల్ఫర్ మొదలుపెట్టిన ఆ పాత జూయే ఊరి బయటికి మారి, 1985లో వండలూరులో వందల హెక్టార్ల అడవిలో అన్నాదురై పేరుతో తెరుచుకుంది. కటకటాల స్థానంలో కందకాలు, చెట్లు వచ్చాయి.

అయితే ఈ కథలో నిక్కచ్చిగా చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. విదేశీ జూల్లో కోతులు బాగానే పెరిగాయి. ఎంత బాగా అంటే, చోటు చాలక కొన్నాళ్లు పిల్లలు పుట్టకుండా గర్భనిరోధక మందులు వాడవలసి వచ్చింది. అడవిలో అరుదు, జూలో అదనం! ఆ కోతులను తెచ్చి వదలడానికి కొండల మీద ఖాళీ అడవి ఎక్కడుంది? మేఘమలైలోనో వాల్పారైలోనో ఈ కోతి ఇవాళ కనిపిస్తున్నదంటే, అక్కడి అడవి తునకలు నరకకుండా మిగలడం వల్లే. జూ ఆ కోతి గురించి మనకు ఎంతో నేర్పింది. దాని ఇంటిని మాత్రం నిలబెట్టలేకపోయింది.

మొసళ్ల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సన్నని పొడుగు మూతి ఉండే ఘరియాల్ మొసలి 1970లలో దాదాపు అంతరించింది. 1975లో కేంద్రం మొసళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టింది. నది ఒడ్డున గుడ్లు ఏరి, పొదిగించి, పిల్లలను ఒక ఎత్తుకు పెంచి తిరిగి నదిలో వదలడం పద్ధతి. ఆ పని నేర్పడానికి హైదరాబాదులో కేంద్ర శిక్షణ సంస్థ పెట్టారు. ఒడిశాలోని నందన్‌కానన్ జూలో ఆడ మొసళ్లున్నాయి గాని జతకు సరైన మగది లేదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జూ తన దగ్గరున్న మగ మొసలిని పంపింది. 1980లో నందన్‌కానన్‌లో పిల్లలు పుట్టాయి. బోనులో ఘరియాల్ సంతానం కలగడం ప్రపంచంలో అదే మొదలు. ఆ తర్వాత దశాబ్దాల్లో వేలాది పిల్లలను నదుల్లో వదిలారు. అయినా 2007లో ఈ మొసలిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. ఆనకట్టలు నీటిని ఆపేశాయి, గుడ్లు పెట్టే ఇసుకతిన్నెలను లారీలు ఎత్తుకుపోయాయి, పెరిగిన పిల్లలు చేపల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చాయి.

అడవి చేతిలో ఉన్నప్పుడు మాత్రం జూ పని ఫలిస్తుంది. నల్లమల అడవిలో మూషిక జింక ఉంటుంది. కుందేలు కంటే కొంచెం పెద్దది, ఒంటి మీద తెల్లని చుక్కలు, చారలు, కొమ్ములుండవు, రాత్రిపూటే తిరుగుతుంది. వేటగాళ్ల ఉచ్చుల వల్ల అది కనబడటం అరుదైంది. 2010లో హైదరాబాదు నెహ్రూ జూ, సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల కలిసి కొద్ది జంతువులతో పెంపకం మొదలుపెట్టాయి. పట్టుకుంటే బెదిరి గుండె ఆగే జీవి అది. అందుకని శాస్త్రవేత్తలు దాన్ని ముట్టుకోకుండా, పెంటికల్లోని హార్మోన్లను కొలిచి చూడిదో కాదో తెలుసుకున్నారు. ఈనిన కొన్ని గంటలకే ఆడది మళ్లీ జతకడుతుందని గ్రహించాక మగదాన్ని ఎప్పుడు దగ్గర ఉంచాలో తెలిసింది. మంద వందల్లోకి పెరిగింది. 2017లో మొదటి విడతను అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకెళ్లి, ముందు కంచె వేసిన అడవిలో ఉంచి, అలవాటయ్యాక బయటికి వదిలారు. అక్కడ నల్లమల ఇంకా నిలిచి ఉంది కాబట్టే ఆ బోను తెరవడానికి ఒక చోటు దొరికింది.

రాజపాళయం కొండ కథలో ఏ జూ ప్రమేయం లేకుండా నిలిచిన జంతువు కూడా ఉంది. నెరిసిన జుట్టులా వెంట్రుకల కొసలు తెల్లబడిన బూడిదరంగు పెద్ద ఉడుత. మూతి నుంచి తోక కొస దాకా మూర పైనే ఉంటుంది. దక్షిణ భారతంలో కొన్ని లోయల్లో, శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేదు. దాని కోసమే 1988లో తమిళనాడు ప్రభుత్వం శ్రీవిల్లిపుత్తూరు కొండల్లో 480 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని అభయారణ్యంగా ప్రకటించింది. పులికో ఏనుగుకో కాక ఒక ఉడుతకు ఇంత అడవి కేటాయించడం మన దేశంలో అరుదు. ఈ ఉడుత చెట్టు చిటారు కొమ్మల్లో ఆకులూ పుల్లలతో బంతిలాంటి గూడు కడుతుంది. పక్క చెట్టు కొమ్మలు తగిలేంత దగ్గరగా ఉన్న చెట్టే ఎంచుకుంటుంది. గద్ద వాలినా పాము ఎక్కినా నేల తొక్కకుండా పారిపోవాలి కదా. వాగుల ఒడ్డున అడవి అయిపోయిన చోట మామిడితోటలూ చింతచెట్లూ మొదలవుతాయి. ఉడుతకు అడవికీ తోటకీ తేడా తెలియదు. పండు తిన్న ఉడుతను తోటవాడు తరిమి ఊరుకుంటాడా, ఉచ్చు పెడతాడా, వాగు గట్టున పాత చింతను ఉంచుతాడా, కలపకు అమ్ముతాడా అన్నదాని మీదే దాని బతుకు ఆధారపడి ఉంది. కాబట్టి కొండ కింద ఊళ్ల రైతులు ఈ ఉడుతకు నిజమైన సంరక్షకులు. వాళ్లకు జరిగే పంట నష్టానికి సమయానికి పరిహారం చేతికందడం ఏ జూ బోను కంటే విలువైన పని.

2021 ఫిబ్రవరిలో శ్రీవిల్లిపుత్తూరు, మేఘమలై అడవులను కలిపి పులుల అభయారణ్యం చేశారు. దేశంలో ఇది 51వది, తమిళనాడులో అయిదవది. విస్తీర్ణం 1,016 చదరపు కిలోమీటర్లు. మధురైకి నీళ్లిచ్చే వైగై నదికి ఈ కొండలే పుట్టిల్లు. పెరియార్ అడవులతో సరిహద్దు కలవడంతో పులి అటూ ఇటూ తిరగడానికి దారి దొరికింది. వేటకుక్కలు పందిని తరిమిన కొండవాలు ఇప్పుడు పులి తిరిగే నేల అయింది. పంది ఇప్పుడూ చేలలో పడుతుంది. రైతుకు ఇప్పుడూ కోపం వస్తుంది. ఈటెకు బదులు అటవీశాఖకు అర్జీ పెట్టుకోవాలి.

ఇక్కడే వేటకుక్కకూ కొండకూ ఒక కొత్త సంబంధం ఏర్పడింది. అదేమిటో గుజరాత్ సింహాలు చెబుతాయి. 2018 సెప్టెంబరు, అక్టోబరుల్లో అక్కడి గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు కొద్దిరోజుల తేడాలో చచ్చాయి. వాటిలో కొన్నింటికి సోకింది కుక్కలకు వచ్చే కెనైన్ డిస్టెంపర్ వైరస్. మిగిలినవాటికి వేయడానికి అమెరికా నుంచి టీకాలు తెప్పించారు. 1863 నుంచి ఉన్న జునాగఢ్ సక్కర్‌బాగ్ జూలో గిర్ సింహాల మంద విడిగా ఉంది. అడవికి ఏ మహమ్మారి వచ్చినా ఆ జాతి పూర్తిగా తుడిచిపెట్టుకుపోకుండా అది భరోసా. జూ చేయగల మేలు ఇంతకంటే తేటగా చూపించే ఉదాహరణ లేదు. కానీ ఆ వైరస్‌ను అడవి దరిదాపుల్లోకి రాకుండా ఆపడం జూ చేతిలో లేదు. అది ఊళ్లలో కుక్కల టీకాల మీద ఆధారపడింది.

పులుల అభయారణ్యం అంచున, దేశమంతా పేరున్న కుక్కలను పెంచే ఊరు రాజపాళయం. పిల్లల కోసం బెంగళూరు, హైదరాబాదుల నుంచి కొనుగోలుదారులు వస్తారు. అమ్మే ప్రతి పిల్లకూ తల్లిదండ్రుల పేర్లు రాసిన కాగితం, డిస్టెంపర్, పార్వో, రేబిస్ టీకాల చీటీ జతచేస్తే రెండు పనులు ఒకేసారి అవుతాయి. చెవిటి పిల్లలు పుట్టే దగ్గరి రక్తపు జతలు తగ్గుతాయి. కొండ మీది పులికీ చిరుతకూ ఊరి నుంచి జబ్బు పాకే ప్రమాదం తగ్గుతుంది. తోటల్లో కాపలా తిరిగే కుక్కలకూ, వీధుల్లో పుట్టి పెరిగే కుక్కలకూ ఏటా టీకాలు వేసే పనిలో పశువైద్యులతోపాటు పెంపకందార్లు కూడా నిలబడాలి. ఏ ఇంటి కుక్క ఏ ఇంటి సంతానమో తెలిసిన పెద్దలు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లు చెబుతుండగా రాసుకోవడానికి ఇదే అదను.